తాతయ్య రోజూ అడిగిన లెక్క

సెలవుల ప్రయాణాల గురించి ఏదైనా రాయమని స్కూలు వాళ్ళు అడిగినప్పుడు, మేం వెళ్ళొచ్చిన ఊళ్ళ గురించి రాస్తానని అనుకుని ఉంటారు. నేను రాసేది వెళ్ళని ప్రయాణం గురించి. దాని టికెట్టు నిబంధనలు నాలుగు పేజీలు. వాటిని నేను చదివాను, మా పాప చదివింది, మా నాన్నగారు పాప చేత చదివించుకుని విన్నారు. ముగ్గురిలో సరిగ్గా అర్థం చేసుకున్నది నాన్నగారే. చివరికి ఆ అర్థం చేసుకోవడమే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది.

నాన్నగారిది అంబాజీపేట దగ్గర ఊరు. ఎకరంన్నర కొబ్బరి తోట, వయసు 71. ఆయనకి ఓడ ఎక్కాలని కోరిక. పడవ కాదు, పంటు కాదు, లాంచీ కాదు. కోనసీమలో పుట్టినవాళ్ళకి అవన్నీ ఎడ్లబండి లాంటివే. ఆయనకి కావలసింది సముద్రం మీద వెళ్ళే ఓడ. వాళ్ళ తాతగారు కాకినాడ రేవులో స్టీమరెక్కి, డెక్కు టికెట్టు మీద రంగూన్ వెళ్ళొచ్చారట. ఆ కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. 2022 జూన్‌లో విశాఖ నుంచి ఎంప్రెస్ అనే పెద్ద ఓడ పుదుచ్చేరి, చెన్నై మీదుగా తిరిగొచ్చేలా యాత్రలు మొదలుపెట్టినప్పుడు, పేపర్లో వచ్చిన ఆ బొమ్మ కత్తిరించి పంచాంగంలో పెట్టుకున్నారు. 2023 సెప్టెంబర్‌లో విశాఖలో 96 కోట్లతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైన వార్త కూడా దాని పక్కకే చేరింది. అమ్మకి మాత్రం 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి నీళ్ళ మీద ప్రయాణమంటేనే గుండె దడ. "మీరెక్కితే నేనూ ఎక్కుతాను, ఒక్కర్నీ పంపించను" అనేది.

విశాఖ ఓడ తేదీలు ఎప్పుడు చూసినా పిల్లల బడి రోజుల్లోనే పడ్డాయి. సంక్రాంతికి వెళ్దామంటే నాన్నగారు కదలరు. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభలు చూడకపోతే ఆయనకి ఏడాది మొదలైనట్టే కాదు. ఇక మిగిలింది దసరా. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉంది కాబట్టి అక్కడి నుంచి బయల్దేరే ఓడ చూసుకున్నాం. 2025 ఫిబ్రవరిలో బుక్ చేశాం. ఏటా జనవరి నుంచి మార్చి దాకా క్రూయిజ్ కంపెనీలకి అమ్మకాల కాలం, మనకి ఆషాఢం డిస్కౌంట్లు ఎలాగో వాళ్ళకి అవి అలాగ. దసరా సెలవుల తేదీలు జూన్‌లో అకడమిక్ క్యాలెండర్ వస్తేగానీ ఖాయం కావు. పండగ తేదీ చూసుకుని, అటూ ఇటూ నాలుగు రోజులు వదిలి, ఒక అంచనాతో సెప్టెంబర్ 27న బయల్దేరే ఓడ పట్టుకున్నాం. అదొక జూదమే. ఆ ఒక్క జూదంలో మాత్రం మేం గెలిచాం.

ఆఫర్ కాగితం మీద పెద్ద అక్షరాల్లో రెండు మాటలు: గదిలో రెండో వ్యక్తికి 50 శాతం తగ్గింపు, అదే గదిలో పిల్లలు ఉచితం. అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న మా పాప పెన్సిల్ తీసుకుంది. మొదటి వ్యక్తికి 60,000, రెండో వ్యక్తికి 30,000. "అమ్మా, గదికి లక్షా ఇరవై వేలు ఉండాల్సింది తొంభై వేలు అయింది. అంటే తగ్గింది 25 శాతమే కదా, 50 అని ఎందుకు వేశారు?" అంది. నేను రోజూ లెక్కలు చూసే ఉద్యోగంలో ఉన్నాను, నాకు ఆ ప్రశ్న తట్టలేదు. పిల్లలు ఉచితం అన్నది కూడా అలాగే తేలింది. వాళ్ళకి ఛార్జీ సున్నానే. కానీ పోర్టు చార్జీలు, పన్నులు, ఓడ సిబ్బందికి రాత్రికింత అని వేసే సర్వీసు చార్జీ తలకి ఇంత చొప్పున అందరూ కట్టాల్సిందే. అది మనిషికి 14,000 తేలింది. మా బాబు నాలుగో తరగతి, ఉచిత ప్రయాణికుడు, వాడికీ 14,000. రెండు గదులు, ఆరుగురు మనుషులు, ఛార్జీ 1,80,000, మిగతావి 84,000, మొత్తం 2,64,000. విమానం టికెట్లు వేరే.

ఇక అసలు సంగతి. అదే గది రెండు ధరలకి ఉంది. ముందస్తు బుకింగ్ ధర 90,000. ఇందులో బుక్ చేసినప్పుడు కట్టే 20,000 అడ్వాన్సు ఏం జరిగినా తిరిగి రాదు. రెండోది 1,10,000. ఇందులో పూర్తి డబ్బు కట్టాల్సిన గడువు దాకా ఎప్పుడు మానుకున్నా అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తారు. ఆ గడువు ప్రయాణానికి 60 రోజుల ముందు. అది దాటాక రెండు ధరలకీ ఒకటే శిక్ష: 59వ రోజు నుంచి 30వ రోజు దాకా రద్దు చేస్తే ఛార్జీలో సగం పోతుంది, 29 నుంచి 15 దాకా 75 శాతం, ఆ తరవాత మొత్తం. కంపెనీని బట్టి ఈ రోజులూ శాతాలూ మారతాయి. కొన్నింటిలో పూర్తి డబ్బు మూడు నెలల ముందే కట్టాలి. మెట్లు మాత్రం దాదాపు అందరికీ ఉంటాయి. ఓడలో ఖాళీగా వెళ్ళిన గది మర్నాడు అమ్ముకునే సరుకు కాదు కదా. ఇంకొకరికి అమ్ముకునే వ్యవధి తగ్గుతున్నకొద్దీ మన దగ్గర ఎక్కువ పట్టుకుంటారు. రైలు టికెట్టయితే 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందు మాత్రమే రిజర్వేషన్, ముందు కొన్నంత మాత్రాన తగ్గించేదీ లేదు. ఏడెనిమిది నెలల ముందు ధర కట్టి కూర్చోవడం మనలాంటి వాళ్ళకి కొత్త.

పాప ఇదంతా తెలుగులో చెబుతుంటే నాన్నగారు పడక్కుర్చీలో కళ్ళు మూసుకుని విన్నారు. విని, "మామిడి తోట పూత మీద కొన్నట్టేనన్నమాట. అగ్గువకి వస్తుంది. గాలివానొస్తే కొన్నవాడిదే నష్టం" అన్నారు. 1996 నవంబర్ తుపానులో తోట నేలమట్టమైన మనిషికి ఆ నాలుగు పేజీలు ఒక్క వాక్యంలో అర్థమయ్యాయి. "నీ ఇష్టం అమ్మాయ్, నేనైతే కాయ మీదే కొంటాను" అని కూడా అన్నారు. నేను వినలేదు. రెండు గదుల మీద 40,000 మిగులుతుంటే వదులుకోవడానికి చేతులు రాలేదు. ఆరోగ్యంగా ఉన్నాం, సెలవులు ఉంటాయి, ఎందుకు మానుకుంటాం అనుకున్నాను.

మధ్యలో ఒక చిన్న చిక్కు. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టు మీద ఉన్నట్టే ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా. మన వాళ్ళందరికీ ఉండే తంటాయే. ఏజెంటు సరిచేయించాడు. అక్షరాలు సరిచేయడం వేరు, మనిషిని మార్చడం వేరు అని అప్పుడే చెప్పాడు. మా ముందస్తు ధరలో ఒకరి బదులు ఇంకొకరిని పంపడం కుదరదు. ఆ మాట అప్పుడు చెవిన పడింది గానీ మనసుకి పట్టలేదు.

ఆషాఢంలో నాన్నగారికి ఆయాసం మొదలైంది. మాకు తెలియదు. కాలువ గట్టు మీద నడకకి వెళ్ళి, సగం దారిలో తూము దిమ్మ మీద కూర్చుని వచ్చేసేవారట. దింపు రోజు తోటలో నిలబడకుండా అరుగు మీంచే కాయ లెక్క చూశారట. అమ్మ అడిగితే "ఎండలమ్మా" అన్నారట. అప్పటికి ప్రయాణానికి 66 రోజులుంది. పూర్తి డబ్బు ఇంకా కట్టలేదు. ఆ రోజు చెప్పి ఉంటే వాళ్ళ గది అడ్వాన్సు 20,000 పోయేది, అంతే. కానీ ఆయన దృష్టిలో అది "అంతే" కాదు. అది ఒక దింపు మీద చేతికొచ్చే డబ్బు. "బయానా పోతుంది కదా, తగ్గిపోతుందేమో చూద్దాం" అనుకున్నానని తరవాత చెప్పారు. జూలై 29న నేను మిగతా డబ్బంతా కట్టేసి, ఫోన్ చేసి "నాన్నగారూ, ఇక ఖాయం" అని సంబరంగా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. "మంచిదమ్మా" అన్నారు.

ఆ తరవాత నుంచి ఆయన పాపకి రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. తాతా మనవరాలూ లెక్కలు చేసుకుంటున్నారని మేం మురిసిపోయాం. "ఇవాళ్టికి ఎన్ని రోజులుంది అమ్మలూ? ఇవాళ మానుకుంటే ఎంత పోతుంది?" అని అడిగేవారట. శాతాలు నేర్పిస్తున్నాడనుకుంది అది. ఒకరోజు, "తాతయ్య ఒక్కడూ మానేశాడనుకో, అమ్మమ్మ వెళ్ళిందనుకో, అప్పుడో?" అన్నారట. పాప కాగితాలు తీసి చదివి చెప్పింది. గది ఇద్దరి లెక్కన అమ్ముతారు. ఒకరే ఉంటే రెండో మంచం డబ్బు కూడా ఆ ఒకరే కట్టాలి. పైగా మొదటి పేరు తాతయ్యది. ఆయన తప్పుకుంటే అమ్మమ్మ రెండో వ్యక్తి కాదు, మొదటి వ్యక్తి అవుతుంది, ఆవిడ 50 శాతం తగ్గింపు పోతుంది. "ఏం మిగలదు తాతయ్యా" అంది. "అయితే వెళ్ళాల్సిందేనన్నమాట" అని నవ్వారట. పన్నెండేళ్ళు దాటిన పిల్లకి ఆ నవ్వు ఎందుకో తేడాగా అనిపించింది. నాకు చెప్పలేదు.

వినాయక చవితికి అందరం ఊళ్ళోనే ఉన్నాం. ఆగస్టు 27. ఉండ్రాళ్ళు తిని అరుగు మీద కూర్చున్నాక, "ఎల్లుండి నుంచి డెబ్బై అయిదు శాతమా అమ్మలూ?" అని అడిగారు. అది అవునంది. ఆ రాత్రి అమలాపురం వచ్చేశాక, జడ విప్పుకుంటూ నాతో అంది, "అమ్మా, తాతయ్యకి రావడం ఇష్టం లేదేమో. రోజూ మానుకుంటే ఎంత పోతుందనే అడుగుతున్నాడు. ఉంటే ఎంత బావుంటుందని ఒక్కసారీ అడగలేదు." పంచాంగంలో ఓడ బొమ్మ పెట్టుకున్న మనిషికి ఇష్టం లేకపోవడమేమిటి? నాకు నిద్ర పట్టలేదు. తెల్లారగట్లే బండి మీద వెళ్ళాను. నాన్నగారు రెండు తలగడల మీద సగం కూర్చుని పడుకుని ఉన్నారు. ఎన్నాళ్ళ నుంచి ఇలా అని అమ్మని అడిగితే, "శ్రావణం అంతా ఇలాగేనమ్మా" అంది. నేరుగా కాకినాడ తీసుకెళ్ళాం. మధ్యాహ్నానికి గుండె రక్తనాళాల్లో రెండు చోట్ల అడ్డంకి ఉందని తేలింది. మర్నాడే స్టెంట్లు వేస్తామన్నారు. దూరప్రయాణం సంగతి కొన్నాళ్ళు మరిచిపొమ్మన్నారు.

ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను లెక్క వేశాను. ఆ రోజు 30వ రోజు. అర్ధరాత్రి దాటితే మూడో మెట్టు. అప్పుడు గుర్తొచ్చింది, కాగితంలో ఒక చిన్న వాక్యం: గడువు కంపెనీ ఉన్న ఊరి సమయం ప్రకారం. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది. అంటే మాకు గడువు రాత్రి తొమ్మిదిన్నరే. ఇంకోటి, ఏజెంటు ద్వారా కొన్న టికెట్టు ఏజెంటే రద్దు చేయాలి, మేం రాసినా చెల్లదు. అతనేమో వినాయకుడి పందిరిలో ఉన్నాడు, మైకు హోరులో ఫోన్ వినపడ్డం లేదు. మా వారు రెండు గంటల పాటు చేస్తూనే ఉన్నారు. 8:50కి ఎత్తాడు. పాపం, అక్కడే నిలబడి ఫోన్‌లోంచే పంపించాడు. మా నలుగురి గది కూడా రద్దు చేసేశాం. నాన్నగారు మంచం మీంచి "మీరైనా వెళ్ళండర్రా" అంటూనే ఉన్నారు. ఆ మాట ఎవరం పట్టించుకోలేదు.

పోయింది రెండు గదుల మీదా 90,000. ఓడ ఎక్కలేదు కాబట్టి పోర్టు చార్జీలు, పన్నులు, సర్వీసు చార్జీ కింద కట్టిన 84,000 మొత్తం వెనక్కి వచ్చింది. ఇది చాలామందికి తెలియదు. మీరు ఎప్పుడైనా ఇలా మానుకుంటే ఆ డబ్బు సంగతి ప్రత్యేకంగా అడగండి. విమానం టికెట్లు కూడా తక్కువ ధరవే కాబట్టి వాటి మీద వచ్చింది అరకొర. ఇన్సూరెన్సు ఏమైందని మా ఆఫీసులో అందరూ అడిగారు. బయల్దేరే ముందు తీసుకుందాంలే అనుకున్నాను, అదీ నా తప్పే. ప్రయాణం మానుకోవాల్సి వస్తే డబ్బిచ్చే పాలసీ మొదటి రూపాయి కట్టిన రోజే తీసుకోవాలి. జబ్బు బయటపడ్డాక తీసుకుంటే దానికి వర్తించదు. ముందు నుంచి ఉన్న బీపీ, షుగరు దాచకుండా రాయాలి, వాటి వల్ల వచ్చే ఖర్చుకి షరతులేమిటో చదవాలి. ఇంకో సంగతి కూడా ఏజెంటు తరవాత చెప్పాడు. కొన్ని కంపెనీల్లో, పూర్తి డబ్బు కట్టే గడువు లోపల అదే గది ధర పడిపోతే, అడిగినవాళ్ళకి తగ్గిస్తారట. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. ముందు కొన్నవాడికే ఎప్పుడూ అగ్గువ అనుకోవడం కూడా సరి కాదన్నమాట.

డబ్బు పోయిందని నాకు బాధ లేదంటే అబద్ధం. కానీ రాత్రిళ్ళు మెలకువ వస్తే గుర్తొచ్చేది ఆ 90,000 కాదు. జూలైలో ఆయన నోరు నొక్కిన ఆ 20,000. ఫిబ్రవరిలో నేను మిగిల్చానని సంబరపడ్డది సరిగ్గా ఆ మొత్తమే, గదికి 20,000. కాయ మీద కొని ఉంటే, ఆయన ఆషాఢంలోనే "అమ్మాయ్, ఆయాసంగా ఉంది" అని చెప్పడానికి ఒక్క రూపాయి ఖర్చయ్యేది కాదు. మా నాన్నగారి తరం మనుషుల దగ్గర బయానా అంటే మాట. మాట పోతుందంటే ఒంట్లో బాలేదని చెప్పరు. ఇంట్లో పెద్దవాళ్ళుంటే ధర చూసేటప్పుడు ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలని ఏ కాగితంలోనూ రాసి ఉండదు.

స్టెంట్లు వేసిన మూడో రోజుకి ఆయన లేచి కూర్చున్నారు. పాపతో రెండు రోజులు మాట్లాడలేదు, చాడీ చెప్పిందని. మూడో రోజు అది కమలాపండు ఒలిచి చేతిలో పెడితే, "నలభై అయిదు వేలు ముంచావే" అన్నారు. అది వెంటనే, "ఒక రోజు ఆగితే అరవై ఏడు వేల అయిదు వందలు తాతయ్యా, ఇరవై రెండున్నర వేలు మిగిల్చాను" అంది. పక్క మంచం వాళ్ళు కూడా నవ్వారు.

కార్తీకంలో దిండి తీసుకెళ్ళాం. వశిష్ఠ మీద గంటసేపు బోటులో తిప్పి తీసుకొచ్చారు. ఎక్కేముందు నాన్నగారు జేబులో చెయ్యి పెట్టి, "అడ్వాన్సేమైనా ఇవ్వాలా?" అని అడిగారు. "అక్కర్లేదండి, తిరిగొచ్చాక ఇవ్వండి, ఆయ్" అన్నాడు బోటు అబ్బాయి. అమ్మ గంటసేపూ నాన్నగారి చొక్కా అంచు పట్టుకునే కూర్చుంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన పడక్కుర్చీ గుడ్డ మడతలో పాపకి ఒక కాగితం దొరికింది. ఆయన చేతిరాత. ఒక వరస రోజులు, ఒక వరస డబ్బు. 60 దాకా 20,000. 30 దాకా 45,000. 15 దాకా 67,500. ఆపైన 90,000. పైన "చెబితే పోయేది" అని రాసి, కింద గీత గీసి ఉంది. ఆ కాగితం ఇప్పుడు పాప గణితం నోటుబుక్కులో ఉంది. మొన్న ఉగాదికి వచ్చినప్పుడు ఆయనే అడిగి తీయించి, ఆ గీత కింద ఖాళీలో కొత్త లెక్క మొదలుపెట్టారు. విశాఖ ఓడ, ఇద్దరికి, వేసవి సెలవుల్లో పడితే, రద్దు చేసుకోవడానికి వీలున్న ధర. ఆ చివరి మాట కింద రెండు గీతలు గీశారు.